గంట కూడా పట్టలేదుగా!

మన బెజవాడలో తెలివికి కూలి కట్టే పద్ధతి ఒకటుంది. ఎక్కడా రాసిలేదు గానీ అందరికీ కంఠతా వచ్చు. చెమట ఎంతసేపు కారిందో చూసి డబ్బులిస్తారు, బుర్ర వాడినట్టు తెలిస్తే ఆ మేరకు కోత. మొన్న ఆటోనగర్లో ఒక పెద్దమనిషి ఈ సూత్రాన్ని నా కళ్లముందే మరోసారి నిరూపించారు. అంతటి ఆర్థికవేత్త సేవలు మరుగున పడిపోకూడదని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ఆయన కారుకి వెనక యాక్సిల్ బుష్షులు, అంటే యాక్సిల్‌ని బాడీకి బిగించే చోట అదురు తగలకుండా ఉండే రబ్బరు రింగులు, పోయాయి. గతుకు తగిలితే చాలు, డిక్కీలో ఎవరో రోకలితో దంచుతున్నట్టు చప్పుడు. మామూలుగా ఈ పనికి యాక్సిల్ మొత్తం దించాలి, బ్రేకు పైపులు విప్పాలి, హ్యాండ్‌బ్రేకు కేబుళ్లు ఊడదీయాలి, దాన్ని ఇద్దరు కుర్రాళ్లు మోసుకుని, బుష్షుల్ని నొక్కి ఊడదీసే ప్రెస్సు మిషనున్న షాపుకి పోవాలి, అక్కడివాడు టీకి వెళ్తే కూర్చోవాలి, తిరిగొచ్చి మళ్లీ అన్నీ బిగించి, బ్రేకు ఆయిలు పోసి, పైపుల్లో గాలి తీయాలి. పూట గడిచిపోతుంది.

ఈ మెకానిక్ అదంతా చేయడం మానేశాడు. సన్న థ్రెడ్డున్న పొడవాటి రాడ్డు ఒకటి లేతు మీద తీయించుకున్నాడు. మందపాటి పైపు ముక్కలు రెండు కోశాడు. ఒకటి బుష్షు బయటి రింగు కంటే రవ్వంత చిన్నది, అది నెట్టడానికి. రెండోది కాస్త పెద్దది, ఊడిన బుష్షు అందులోకి రావడానికి. బిగిస్తుంటే రాపిడికి థ్రెడ్డు అరిగిపోతోందని లారీ ముందు చక్రాల కింగ్‌పిన్ దగ్గరుండే, బరువు పడుతున్నా తేలిగ్గా తిరిగే పాత థ్రస్ట్ బేరింగు తెచ్చి నట్టు కింద కూర్చోబెట్టాడు. అంతే సరంజామా. యాక్సిల్ బోల్టులు తీసి కొంచెం కిందికి వేలాడదీసి, బ్రేకు పైపు జోలికి పోకుండా పానా తిప్పుతుంటే పాత బుష్షు కిర్రుమంటూ బయటికొస్తుంది. పైపు ముక్కలు అటూఇటూ మార్చి తిప్పితే కొత్తది లోపల. రెండు పక్కలా కలిపి గంటలోపు పని అయిపోయింది.

పన్నెండొందలు అడిగాడు. పెద్దమనిషి వాచీ చూసుకున్నారు.

“గంట కూడా పట్టలేదుగా, పన్నెండొందలేంటయ్యా?”

“యాక్సిల్ దించితే ఇంకా ఎక్కువయ్యేది సార్.”

“దించలేదుగా!”

ఏడొందలిచ్చి వెళ్లారు.

కాబట్టి ఆటోనగర్ మెకానిక్ సోదరులందరికీ నా సవినయ సలహా. కొత్త పనిముట్టు కనిపెట్టిన వెంటనే దాన్ని గోనెపట్టా కింద దాచేయండి. కస్టమరు టీ తాగడానికి వెళ్లినప్పుడు పని కానిచ్చేయండి. ఆ తర్వాతే అసలు పని మొదలు. షెడ్డు మూల ఒక ఖాళీ డ్రమ్ము పెట్టుకుని, పెద్ద సుత్తితో కనీసం రెండు గంటలు బాదండి. మధ్యమధ్య “ఒరేయ్, పట్టుకోరా, వదలొద్దురా” అని కేకలేయాలి. హెల్పర్ కుర్రాడు మొహానికి గ్రీజు పూసుకుని కారు కింద నుంచి కాళ్లు బయటికి పెట్టి పడుకోవాలి, నిద్రపోయినా పర్లేదు, కాళ్లు కదలకపోతే కష్టమైన పనే అనుకుంటారు. గంటకోసారి మీరు బయటికొచ్చి, నడుం పట్టుకుని, ఆకాశం వైపు చూసి “రావట్లేదు సార్” అనండి. సాయంత్రం అడిగిన రెండువేలూ ఇచ్చి, పైన కుర్రాడికి యాభై టీ ఖర్చులిచ్చి, “పాపం చాలా కష్టపడ్డారయ్యా” అని మెచ్చుకుని మరీ వెళ్తారు.

ఇంతకీ ఆ పెద్దమనిషి ఎవరనుకున్నారు? ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆవిష్కరణల సదస్సుకి ముఖ్య అతిథి. ఆ సభలో ఇదే మెకానిక్‌కి శాలువా కప్పింది కూడా ఆయనే! ఆ సరంజామాని టేబులు మీద పెడితే, రాడ్డుని తలకిందులుగా పట్టుకుని ఫొటో దిగారు. చింతకింది మల్లేశం గారు అమ్మ కష్టం చూడలేక చీరల నేతకి నూలు ఆసు పోసే యంత్రం చేస్తే 2017లో పద్మశ్రీ రాలేదా, మీరూ అలా ఎదగాలి అన్నారు. అక్కడ ఆయన కొట్టిన సుత్తికి ఏ జీఎస్టీ లేదు, వాచీ కూడా చూసుకోలేదు. మెకానిక్‌ని రెండు ముక్కలు మాట్లాడమని పిలిచి, “అందరికీ నమస్కారం” అనగానే భోజనాల టైమైందని మైకు లాక్కున్నారు. ఇచ్చిన మెమెంటో కింద మేకు వదులై ఊగుతుంటే, పాపం అతను వేదిక మీదే తిరగేసి గోరుతో బిగించుకున్నాడు.

పేటెంట్ తీసుకోమని ఉచిత సలహా కూడా ఒకటి పడేశారు. దరఖాస్తు ఫీజు వ్యక్తులకి ఆన్‌లైన్లో 1,600 రూపాయలే, నిజమే. దాన్ని చట్టం భాషలో రాసిచ్చే ఏజెంటు ఎంత అడుగుతాడో కూడా సెలవిస్తే బాగుండేది. జర్మనీలో, చైనాలో ఇలాంటి చిన్న చిన్న మెరుగుదలల కోసం యుటిలిటీ మోడల్ అని తేలికపాటి హక్కొకటి ఉంది, మన 1970 పేటెంట్ల చట్టంలో అది లేదు. ఈలోపు పక్క వీధిలో ఎవడో ఇదే సెట్టుకి ఎర్ర రంగేసి అమ్ముకుంటాడు.

అమెరికాలో పీటర్ రాబర్ట్స్ అనే కుర్రాడు 1963లో, 18 ఏళ్లకి, సియర్స్ దుకాణంలో పనిచేస్తూ నట్టుకి తగిలించే సాకెట్‌ని ఒక్క చేత్తో ఊడదీసే రాచెట్ పానా చేశాడు. 1965లో పేటెంట్ వచ్చింది. పదివేల డాలర్లు చేతిలో పెట్టి సియర్స్ కంపెనీ ఆ హక్కులు కొనేసుకుంది, లక్షల్లో పానాలు అమ్మింది. 1969లో అతను కోర్టుకెక్కితే 1989లో గానీ తేలలేదు, చివరికి 82 లక్షల డాలర్లకి రాజీ. అన్యాయమే. కానీ ఆ కంపెనీ కూడా “పానా తిప్పడం తేలికైపోయింది కదా, నీకెందుకు డబ్బులు” అనలేదు. ఆ ఘనత మనదే.

వ్యంగ్యం కాసేపు పక్కనపెడతాను. సిగ్గుందా మనకి? కార్పొరేట్ ఆస్పత్రిలో డాక్టరు రెండు నిమిషాలు చూసి వెయ్యి రాస్తే నోరెత్తం. బుష్షు ఒక్కటే పోయినా సర్వీస్ సెంటర్లో యాక్సిల్ మొత్తం మార్చాలంటే కార్డు గీకేసి వస్తాం. ఆ రాడ్డు కొలత కుదరక, థ్రెడ్డు తెగి, లేతువాడికి మళ్లీ మళ్లీ డబ్బులిచ్చింది అతను. చేయి చీరుకుపోయింది అతనికి. మిగిలిన ఆ పూట అతనిది, దాన్ని మనం తగ్గింపు కింద జేబులో వేసుకుంటున్నాం. దొంగతనమది! లారీ బాడీలు కట్టించుకోడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే ఊరు మనది, 1960ల్లో పుట్టిన జవహర్ ఆటోనగర్ గురించి ఆసియాలోనే పెద్దదని బయటివాళ్ల దగ్గర గొప్పలు పోతాం. లోపలికెళ్తే ఐదొందల దగ్గర గీచిగీచి బేరం.

నిన్న పెద్దమనిషి ఫోన్ చేశారట. తమ్ముడిగారి కారుకి కూడా అవే బుష్షులు పోయాయి. “ఆ రాడ్డు సెట్టు ఆదివారం ఒక్కరోజు ఇవ్వవయ్యా, మా డ్రైవరు మార్చుకుంటాడు, నీకు మాత్రం ఎందుకు శ్రమ!”

ఇవ్వలేదు. ఇప్పుడా మెకానిక్‌కి పొగరెక్కిందని ఆయన పటమట అంతా చెప్పుకుంటున్నారు.