సంత కట్టే పన్ను

మబ్బులోనే లగేజీ ఆటో దిగి, పట్ట పరిచి, తెల్లారేలోపు సరుకు పేర్చుకుని కూర్చునే సంత వ్యాపారులను చూసి "వీళ్లకేం, పన్నా పాడా" అనడం మన ఊళ్లలో మామూలైపోయింది. సంత రోజు రోడ్డు మీద బండి కదలకపోయినా అదే మాట, బడ్జెట్ మీద చర్చ నడిచినా అదే మాట. ఉద్యోగి ఆదాయపు పన్ను కడుతున్నాడు, షాపు యజమాని జీఎస్టీ కడుతున్నాడు, నేల మీద కూర్చున్నవాళ్లు మాత్రం ప్రభుత్వానికి పైసా ఇవ్వడం లేదని చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. అది నిజం కాదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో వారం వారం జరిగే సంతల్లో లెక్కకు రాని పన్ను చాలా ఉంది. ఆ పన్ను ఎటు పోతోందో, ఎంత తిరిగొస్తోందో అడగాల్సిన సమయం వచ్చిందని ఈ పత్రిక భావిస్తోంది.

మన సీమలో ఊరి పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది అక్కడి సంతో, మార్కెట్టో. పత్తికొండ అంటే టమోటా, ఆదోని అంటే పత్తి, కర్నూలు యార్డు అంటే ఉల్లి, హిందూపురం అంటే చింతపండు, ఎండుమిర్చి. అనంతపురం పక్కనే కక్కలపల్లి మండీల్లో సీజన్‌లో టమోటా బాక్సులు రోడ్డు దాకా పేరుస్తారు. వీటన్నిటి చుట్టూ గొర్రెల సంతలు, పాత బట్టల వరసలు, స్టీలు సామాన్ల పట్టలు, గాజులు, చెప్పులు, తినుబండారాల బండ్లు. ఈ చిన్న వ్యాపారంలో ఎక్కువ భాగం జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనిదే. రిజిస్ట్రేషన్ లేనంత మాత్రాన పన్ను కట్టనట్టు కాదు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. నైటీలు, పిల్లల బట్టలు అమ్మే ఒకామె హోల్‌సేల్ షాపులో 20 వేల రూపాయల సరుకు బిల్లుతో కొన్నదనుకోండి. దాని మీద 5 శాతం జీఎస్టీ అంటే వెయ్యి రూపాయలు అక్కడే కట్టేస్తుంది. ఆ సరుకును సంతల్లో తిప్పి 26 వేలకు అమ్మింది. ఆమెకు రిజిస్ట్రేషన్ ఉండి ఉంటే మొత్తం అమ్మకం మీద 1,300 పన్ను లెక్కకొచ్చేది, కొన్నప్పుడు కట్టిన వెయ్యి మినహాయించుకుని మిగతా 300 కట్టేది. అంటే ప్రభుత్వానికి రావాల్సిన 1,300లో వెయ్యి రూపాయలు ఆమె పట్ట పరవకముందే వచ్చేశాయి. రానిది 300. అదీ ఎగ్గొట్టింది కాదు. సరుకు అమ్మేవాళ్లు ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2019 ఏప్రిల్ 1 నుంచి చట్టమే చెబుతోంది. వారానికి 26 వేల చొప్పున ఏడాదంతా అమ్మినా ఆమె టర్నోవర్ 14 లక్షలు దాటదు.

రిజిస్టరైన వ్యాపారి కొనుగోలు మీద కట్టిన పన్నును వెనక్కి తీసుకుంటాడు. ఈమెకు ఆ వెసులుబాటు లేదు. కట్టిన వెయ్యి ఆమె పెట్టుబడిలోనే కలిసిపోతుంది, ధర పెంచి రాబట్టుకోగలిగితే సరి, లేకపోతే నష్టం ఆమెదే. సంతలో బేరమాడి 20 రూపాయలు తగ్గించుకున్నామని సంతోషపడే మనం ఆ తగ్గింపు ఎవరి జేబులోంచి వచ్చిందో ఆలోచించం.

ఇక డీజిల్. పెట్రోలు, డీజిల్ జీఎస్టీలో లేవు, వాటి మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, రాష్ట్రం విడిగా వ్యాట్ వేస్తుంది. డీజిల్ మీద రాష్ట్రానికి 22.25 శాతం వ్యాట్, లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, పైన రూపాయి రోడ్డు సెస్సు. సోమవారం ఒక ఊళ్లో, మంగళవారం ఇంకో ఊళ్లో సంత చేసుకునేవాళ్లు ఆటో బాడుగ రూపంలో వారమంతా కట్టేది ఈ పన్నే. వీళ్లలో ఏ ఒక్కరి పేరూ పన్ను చెల్లింపుదారుల జాబితాలో కనిపించదు.

మన కర్నూలు, అనంతపురం ప్రాంతాలకు ప్రత్యేకమైన సమస్య ఇంకొకటి ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడకపోవడం మాకు ఆశ్చర్యంగా ఉంది. మనది సరిహద్దు నేల. ఆదోని, ఆలూరు, రాయదుర్గం వాళ్లకు బళ్లారి దగ్గర. హిందూపురం వాళ్లకు బెంగళూరు దగ్గర. బట్టలు, ఫ్యాన్సీ సామాను, ప్లాస్టిక్ వస్తువులు కొనడానికి చిన్న వ్యాపారులు రైలెక్కో బస్సెక్కో అక్కడికే పోతారు. జీఎస్టీ అనేది సరుకు వాడుకునే రాష్ట్రానికి చెందాల్సిన పన్ను. అయితే రిజిస్ట్రేషన్ లేని మనిషి బళ్లారి కౌంటర్‌లో నగదు ఇచ్చి సరుకు తీసుకుంటే, బిల్లులో చిరునామా లేకపోతే, ఆ అమ్మకం కర్ణాటకలోనే జరిగినట్టు లెక్క. పన్నులో సగమైన రాష్ట్ర వాటా అంతా వాళ్లకే. పైన చెప్పిన ఉదాహరణలో వెయ్యి రూపాయల్లో 500 అలా సరిహద్దు దాటిపోతాయి. ఆ బట్టలు వేసుకునేది ఆలూరు పిల్లలు, పన్ను వాటా పొందేది పక్క రాష్ట్రం.

దీనికి మందు చట్టంలోనే ఉంది. 2023 అక్టోబరు 1 నుంచి, రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వర్తించే ఐజీఎస్టీ చట్టంలో మార్పు వచ్చింది. రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో ఉంటే, ఆ చిరునామా ఏ రాష్ట్రానిదైతే పన్ను వాటా ఆ రాష్ట్రానికి చేరుతుంది. చిరునామా లేకపోతే అమ్మినవాడి రాష్ట్రానిదే. కాకపోతే 50 వేలలోపు బిల్లుల్లో కొనేవాళ్లు అడిగితేనే చిరునామా రాస్తారు. బళ్లారి హోల్‌సేల్ షాపులో రద్దీలో నిలబడిన మనిషికి "నా ఊరు ఆలూరు అని రాయండి" అని అడగాలని ఎవరు చెప్పారు? అడిగితే ఆమెకు ఒరిగేదేమిటి? ఆమె కట్టే మొత్తం మారదు కదా. ఒరిగేది రాష్ట్ర ఖజానాకు. కాబట్టి ఆ మాట చేరవేయాల్సిన బాధ్యత రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖది. సరిహద్దు మండలాల సంతల్లో ఒక వారం మైకు పెట్టి చెప్తే, నాలుగు ముక్కల్లో కన్నడంలో, తెలుగులో చీటీ అచ్చు వేసి పంచితే ఎంత ఖర్చవుతుంది? బిల్లులో తన ఊరి పేరు రాయించుకున్న చిన్న వ్యాపారికి చిన్న ప్రోత్సాహం ఇచ్చినా తప్పులేదు.

బిల్లే లేకుండా వచ్చే సరుకు కూడా ఉందని మాకు తెలుసు. అక్కడ పన్ను పూర్తిగా పోతోంది. అయితే ఆ దారి మొదలయ్యేది సంతలో పరిచిన పట్ట దగ్గర కాదు, గోడౌన్ దగ్గర. తనిఖీ అక్కడే జరగాలి.

ఇంతవరకు చెప్పింది కనిపించని పన్ను. కనిపించేది ఒకటుంది, సంతలో అమ్ముకునేవాళ్ల దగ్గర వసూలు చేసే ఆశీలు. గేటు అనండి, సంత వేలం అనండి, పద్ధతి ఒకటే. మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఏడాది వసూళ్ల హక్కును వేలంలో కాంట్రాక్టరుకు ఇస్తుంది. వేలం పాట సొమ్ము స్థానిక సంస్థకు చేరుతుంది. ఆ తర్వాత సంతలో వసూలయ్యే ప్రతి రూపాయీ కాంట్రాక్టరుదే. అందుకే రేటు పట్టిక ఎక్కడా కనిపించదు. ఉన్నా చెరిగిపోయి ఉంటుంది.

మా విలేకరి ఒక సంతలో నిలబడి చూసిన సంగతి చెప్తాం. కొత్తిమీర, పాలకూర కట్టలు రెండు గంపల్లో పెట్టుకుని కూర్చున్న ఒక అవ్వ దగ్గర 30 రూపాయలు తీసుకున్నారు. చేతికొచ్చింది వేలెడంత గులాబీ రంగు కాగితం. దాని మీద నంబరు ఉంది, తేదీ లేదు. ఎంతో రాయాల్సిన చోట ఖాళీ. "ఎంతని రాయి నాయనా" అని ఆమె అడిగింది. "రాసినా అంతే, రాయకున్నా అంతేలే అవ్వా" అంటూ ఆ అబ్బాయి పక్క గంప దగ్గరికి పోయాడు. ఆమె ఆ కాగితాన్ని పారేయలేదు. రెండు మడతలు పెట్టి, ఆకూవక్కతో పాటు కొంగు ముడిలో కట్టుకుంది. ఎందుకని అడిగితే, "మధ్యాన్నం ఇంకొకడొస్తే చూపియ్యాల కదప్పా" అంది.

ఆ రోజు ఆమె అమ్మకం 600 రూపాయలనుకుంటే, 30 రూపాయలంటే 5 శాతం. లాభం మీద కాదు, అమ్మకం మీద. కొత్తిమీరకు జీఎస్టీ లేదు. కూరగాయల మీద పన్ను వేయడం లేదని కేంద్రం, రాష్ట్రం రెండూ చెప్పుకుంటాయి. ఆ అవ్వ మాత్రం రెడీమేడ్ బట్టల షాపుతో సమానమైన రేటు కడుతోంది. పైగా ఇది సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా, వాన వచ్చి సంత చెదిరిపోయినా కట్టాల్సిందే.

బ్రిటిషు పాలనలో దత్త మండలాలుగా ఉన్న రోజుల్లో ఈ నేల మీద వర్తకులకు వీసబడి, మగ్గాలకు, చేతివృత్తులకు మొహతర్ఫా అనే పన్నులు ఉండేవి. పేదవాడి పనిముట్టు మీద పన్నేమిటన్న విమర్శతో అవి పోయాయి. గంప మీద ఆశీలు మాత్రం ఇంకా నడుస్తోంది.

ఆశీలు అసలే ఉండకూడదని మేము అనడం లేదు. చిన్న పంచాయతీలకు సొంత ఆదాయం చాలా తక్కువ. ఇంటి పన్ను, నీటి పన్ను సరిగ్గా వసూలు కావు. సంత జరిగే ఊరికి సంత వేలమే పెద్ద ఆధారం. మా అభ్యంతరం వేరు. ఆ డబ్బు సంతకు తిరిగి రావడం లేదు. తెల్లారి మూడింటికి ఇల్లు విడిచిన ఆడవాళ్లు సాయంత్రం దాకా మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడమే మానేస్తారు. ఎండాకాలం అనంతపురంలో ఆ ఎండలో నీళ్లు తాగకుండా కూర్చోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా? మూత్రకోశ ఇన్ఫెక్షన్లు వాళ్లలో ఎంత మామూలో ఏ ప్రభుత్వ ఆస్పత్రి నర్సును అడిగినా చెబుతుంది. గొర్రెల సంతల్లో జీవాలకు తొట్టి నీళ్లుండవు, నీడ ఉండదు. సంత అయిపోయాక కుళ్లిన టమోటా ఎత్తే దిక్కుండదు.

వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. ఐదేళ్లకోసారి సర్వే చేయాలని, గుర్తింపు పత్రం ఇవ్వాలని, పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని, వాళ్లలో మూడో వంతు మహిళలు కావాలని అందులో ఉంది. మార్కెట్ వేలం షరతులు ఈ కమిటీ ముందుకు వచ్చి తీరాలి. వేలం పాటదారులకు, అధికారులకు మధ్య తేలే వ్యవహారంగా అది ఉండిపోయినంత కాలం గులాబీ కాగితం మీద అంకె పడదు.

బజారులో షాపు పెట్టుకున్నవాళ్ల బాధ కూడా మేము విన్నాం. అద్దె, ఆస్తి పన్ను, ట్రేడ్ లైసెన్సు, కరెంటు బిల్లు, చిన్న వ్యాపారుల కోసం ఉన్న జీఎస్టీ కాంపోజిషన్ స్కీములో ఉంటే అమ్మకాల మీద 1 శాతం. అది గిరాకీ దగ్గర విడిగా వసూలు చేసుకోవడానికి వీల్లేదు, తన లాభంలోంచే కట్టాలి. ఎదురుగా సంత రోజు అదే నైటీ 40 రూపాయలు తక్కువకు అమ్ముతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటను తప్పుపట్టలేం. అయితే దానికి పరిష్కారం సంతను తరిమేయడం కాదు. సంతకొచ్చిన పల్లె జనమే తిరిగి పోతూ అదే షాపుల్లో ఎరువుల సంచి, మొబైల్ రీచార్జి, సిమెంటు కొంటారు. సంత లేని రోజు ఈ బజార్లు ఎలా ఉంటాయో షాపుల వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

భయపెట్టి పన్ను రాబట్టాలని చూస్తే ఏమవుతుందో 2025 జూలైలో పక్కనే కర్ణాటకలో చూశాం. యూపీఐ లెక్కలు చూసి లక్షల రూపాయల పన్ను కట్టమని చిన్న వ్యాపారులకు నోటీసులు వెళ్లాయి. రోజుల్లోనే దుకాణాల ముందు క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు పీకేసి "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. చివరికి అక్కడి ప్రభుత్వమే తగ్గాల్సి వచ్చింది. మన సంతల్లో ఇప్పుడిప్పుడే ఆకుకూరల గంపకు కూడా క్యూఆర్ కోడ్ వేలాడుతోంది. అలాంటి టెన్షన్ ఇక్కడికి తెస్తే ఆ కోడ్ రేపే మాయమవుతుంది.

సంతలో డబ్బు ఎప్పుడు తిరుగుతుందో కూడా చూడాలి. ఆదోనిలో పత్తి అమ్ముడైన వారం బట్టల వరసలో జనం కిటకిటలాడతారు. ఆ పత్తి మీద రైతు దగ్గర కొన్న మిల్లే 5 శాతం జీఎస్టీ లెక్కగట్టి కట్టాలి. అంటే ఒక్క పంటే యార్డులో ఒకసారి, సంతలో ఇంకోసారి ఖజానాను కదిలిస్తుంది. ఉల్లి ధర పడిపోయిన ఏడాది, కోసిగి, కౌతాళం పల్లెలు తాళాలు వేసుకుని సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, పోయిన నెలల్లో, అదే సంత సగానికి సగం ఖాళీ. రైతుకు ధర రాకపోతే రాష్ట్రానికి పన్ను రాదన్న సంగతి సచివాలయంలో కంటే సంతలో ముందు తెలుస్తుంది.

ఆశీలు కొత్త ఒప్పందాలు ఏప్రిల్ 1న మొదలవుతాయి, వేలం నోటీసులు అంతకుముందే వస్తాయి. రాబోయే నోటీసుల్లోనే ఈ షరతులు రాయించాలని కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల మున్సిపల్ కమిషనర్లను, పంచాయతీ అధికారులను కోరుతున్నాం. గేటు దగ్గర మనిషెత్తు బోర్డు మీద రేట్లు ఉండాలి. తేదీ, మొత్తం అచ్చయి ఉన్న రసీదు లేనిదే ఒక్క రూపాయి వసూలు చేయరాదు. తల మీద మోసుకొచ్చే గంపకు ఆశీలు పూర్తిగా మాఫీ కావాలి. పాట సొమ్ములో కనీసం సగం అదే సంత ఆవరణలో నీళ్లకు, నీడకు, ఆడవాళ్ల మరుగుదొడ్లకు ఖర్చు కావాలి, ఆ లెక్క అదే బోర్డు కింద రాయాలి. మొదటి విడత మరుగుదొడ్లు ఎండలు ముదరకముందే తెరవాలి.