ఆడిట్ లాగ్ ఒక్కటుంటే చాలా? చాలదు

"డాక్టర్ కంప్యూటర్లో ఏం చేశారో అంతా ఆడిట్ లాగ్‌లోనే ఉంటుంది, పేర్లు తీసేసి దింపుకుంటే ఆసుపత్రిలో అడుగు పెట్టకుండానే అధ్యయనం అయిపోతుంది." ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ చూసే హెల్త్ ఐటీ వాళ్ల మధ్య తెగ తిరుగుతున్న మాట ఇది. ఆడిట్ లాగ్ అంటే ఎవరు, ఎప్పుడు, ఏ రికార్డు తెరిచారో కంప్యూటర్ తనంతట తానే రాసుకునే చిట్టా. ఈ లాగ్‌ల మీద పని ఎక్కువగా జరిగిన అమెరికా ఆసుపత్రుల్లోనే దీన్ని పరీక్షిద్దాం.

"అంతా ఉంటుంది": లాగ్ పుట్టిందే భద్రత కోసం, ఎవరి రికార్డు ఎవరు తెరిచారో పట్టుకోవడానికి. పేజీ తెరిచిన క్షణం అందులో పడుతుంది. తెరిచాక చదువుతున్నారా, ఫోన్లో ఉన్నారా అన్నది పడదు. డాక్టర్లు రికార్డుల మీద గడిపే సమయాన్ని లెక్కగట్టే సాధనాలూ ఒక్కలా ఉండవు: మౌస్, కీబోర్డు కదలకపోతే ఎపిక్ కంపెనీ సాధనం 'సిగ్నల్' 5 సెకన్లకే లెక్క ఆపేస్తుంది, ఇంకో కంపెనీ సెర్నర్ (ఇప్పుడు ఒరాకిల్ హెల్త్) సాధనం 45 సెకన్లకు. ఈ రెండు రకాల నిమిషాల్నీ ఒకే పట్టికలో పోల్చేవాళ్లకు ఏం చెప్పాలి!

"పేర్లు తీసేస్తే చాలు": అసలు చిక్కు ఇక్కడే. పేషెంట్ల గోప్యత కోసం అమెరికాలో ఉన్న హిపా చట్టం చెప్పే సేఫ్ హార్బర్ పద్ధతిలో తీసేయాల్సిన గుర్తింపు వివరాలు 18 రకాలు. పేషెంటుకు సంబంధించిన తేదీల్లో ఏడాది తప్ప ఏదీ మిగలకూడదు. తేదీల్లేని లాగ్ ఎందుకూ కొరగాదు కాబట్టి, డేటా వాడుక ఒప్పందం రాసుకుని, పేర్లు తీసేసినా తేదీలు ఉంచే లిమిటెడ్ డేటా సెట్ తీసుకోవాలి. కొందరు తేదీలు జరిపి ఇస్తారు, అదీ పేషెంటుకో లెక్కన: ఒకరికి 12 రోజులు, ఇంకొకరికి 31. దాంతో డాక్టర్ ఒక పూటలో చూసిన పదిమందీ పది వేర్వేరు రోజుల్లోకి చెదిరిపోతారు. చార్టు నుంచి చార్టుకు ఎన్నిసార్లు మారారో ఇక తేలదు. జరిపితే డాక్టర్‌వారీగా, 7 గుణిజాల్లోనే జరపాలి. లేదంటే ఆదివారం ఇంటి నుంచి రాసిన నోట్సు బుధవారం ఓపీ పనిగా లెక్కకొస్తుంది.

"స్క్రీన్ రికార్డర్ పెడితే మిగతాది తెలుస్తుంది": వార్డు కంప్యూటర్లో మామూలుగా అడ్మిన్ హక్కులు, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే అనుమతి, ఇవ్వరు. ఇచ్చినా, దూరపు సర్వర్‌లోని ప్రోగ్రాంను తెర మీద చూపించే సిట్రిక్స్ సాఫ్ట్‌వేర్ మీద నడిచేచోట ప్రోగ్రాం ఉండేది సర్వర్‌లో, వార్డుకొచ్చేది దాని బొమ్మ. ఏ బటన్ నొక్కారో దాని పేరు రికార్డర్‌కు అందదు.

"వెళ్లక్కర్లేదు": 57 మంది డాక్టర్లను 430 గంటలు దగ్గరుండి గమనించిన 2016 నాటి అమెరికా అధ్యయనంలో, పనివేళల్లో 49.2 శాతం రికార్డులకూ డెస్క్ పనికీ, 27 శాతం పేషెంట్లతో ముఖాముఖికీ పోయిందని తేలింది. ఆ 27 శాతాన్ని లాగ్ చెప్పలేదు. నర్సు చీటీ మీద రాసుకున్న బీపీ ఎక్కించినప్పుడే లాగ్‌లో కనిపిస్తుంది. ఒకరు తెరిచి వదిలేసిన లాగిన్‌లో ఇంకొకరు ఆర్డర్ పెడితే అది మొదటివాళ్ల ఖాతాలో పడుతుంది.

వెళ్లినప్పుడు కూడా షిఫ్టు మొదట్లో డాక్టర్ లాగిన్ అయిన క్షణాన్ని సెకన్లతో సహా రాసుకోండి. మీ గడియారానికీ సర్వర్ గడియారానికీ ఉన్న తేడా సరిచేయకపోతే, మీరు కాగితం మీద రాసింది వేరే పేషెంటు లాగ్‌కు అతుక్కుంటుంది.