ఇంటిదొంగ ఐపీ అడ్రస్

గత నెల ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు నేను, ఇంటర్నెట్‌లోని పేర్ల మీద పెత్తనం చేసే ఐకాన్ అనే సంస్థ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాను. ఈ సంగతి ఐకాన్‌కు ఇంకా తెలియదు. ఇంట్లో వాళ్లకు మాత్రం వెంటనే తెలిసింది, నెట్ ఆగిపోయింది కాబట్టి.

విప్లవమన్నాక కారణం ఉండాలి కదా, చెబుతాను. మనం బ్రౌజర్‌లో ఒక వెబ్‌సైట్ పేరు కొట్టగానే కంప్యూటర్ చేసే మొదటి పని ఆ పేరుగల ఆసామి ఏ నంబర్లో, అంటే ఏ ఐపీ అడ్రస్‌లో, కాపురం ఉంటున్నాడో వాకబు చేయడం. అందుకోసం పేర్లకు నంబర్లు చెప్పే డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. మామూలుగా ఆ సర్వర్ మనకు నెట్ ఇచ్చే కంపెనీదే అయి ఉంటుంది. అడిగేదైనా గుట్టుగా అడుగుతుందా అంటే, అదీ లేదు. 53వ పోర్టు అనే గుమ్మం మీద, పోస్టుకార్డు రాసినట్టు, దారిలో ఉన్నవాళ్లందరూ చదువుకునేలా అడుగుతుంది. అర్ధరాత్రి రెండింటికి నేను జుట్టు మొలిపించే సైటు తెరిచానని నా భార్యకు తెలియదు. ఆ కంపెనీకి తెలుసు. వారానికి ఎన్నిసార్లు తెరిచానో లెక్క కూడా తెలుసు.

ఇది చాలదన్నట్టు, ప్రపంచంలోని పేర్లన్నిటికీ పెద్దరికం ఒకే చోట ఉంది. పూర్వం ఇంత హడావిడి లేదు. అమెరికాలోని ఎస్ఆర్ఐ అనే సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం నెట్‌వర్క్‌లో ఉన్న యంత్రాల పేర్లన్నీ ఒక ఫైల్లో రాసి ఉంచేది. కొత్త యంత్రం వస్తే వాళ్లకు చెప్పుకోవాలి, వాళ్లు ఒక వరుస చేర్చాలి, మిగతావాళ్లు ఆ ఫైలు దించుకోవాలి. యంత్రాలు పెరిగేసరికి ఇది కుదరక 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. 1998లో ఐకాన్ వచ్చింది. ఇప్పుడు ఆ పేర్ల వ్యవస్థ మొత్తానికి మూలమైన డిజిటల్ తాళంచెవి కోసం ఏడాదికి నాలుగుసార్లు ఒక క్రతువు జరుగుతుంది. బోనులాంటి గది, కెమెరాలు, సేఫులు, స్మార్ట్‌కార్డులు, సాక్షులు, చదవాల్సిన వాక్యాలు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో అంతా సిద్ధం చేసుకున్నాక సేఫు తెరుచుకోలేదు. తాళాల పనివాణ్ణి పిలిచి డ్రిల్లుతో తొలిపించాల్సి వచ్చింది. ప్రపంచ ఇంటర్నెట్ మూలవిరాట్టు గర్భగుడి తలుపు కూడా మా బీరువాలాగే మొరాయిస్తుందని తెలిశాక నాకు భయం పోయింది. తిరగబడవచ్చు అనిపించింది.

నాకు ముందు తిరగబడ్డవాళ్లు లేకపోలేదు. 1997 జూలైలో యూజీన్ కష్పురెఫ్ అనే ఆయన, పేర్లు నమోదుచేసే ఇంటర్‌నిక్ సైటుకు వెళ్లాలనుకున్నవాళ్లను తన ఆల్టర్‌నిక్ సైటుకు మళ్లించాడు. గుత్తాధిపత్యం మీద నిరసన అన్నాడు. చట్టం దానికి వేరే పేరు పెట్టింది. మరుసటి జనవరిలో, ఇంటర్నెట్ లెక్కలన్నీ ఏళ్లతరబడి తన చేత్తో చూసుకున్న జాన్ పోస్టెల్ ఒక్క ఈమెయిల్‌తో, పేర్ల వ్యవస్థకు మొదళ్లైన రూట్ సర్వర్లలో ఎనిమిదింటిని తనవైపు తిప్పుకున్నాడు. అమెరికా ప్రభుత్వం అదిరిపడి ఫోన్ చేసేసరికి, అబ్బే, పరీక్ష చేస్తున్నాం అన్నాడు. 2000లో వచ్చిన ఓపెన్‌నిక్ అనే ప్రత్యామ్నాయ పేర్ల వ్యవస్థ వాళ్లు, డాట్ కామ్‌లాంటివి కాదని డాట్ గీక్, డాట్ లిబ్రే, డాట్ పైరేట్ అంటూ సొంత తోకలే పెట్టుకున్నారు. 2011లో నేమ్‌కాయిన్ వచ్చి, అందరి దగ్గరా నకలుండే బ్లాక్‌చెయిన్ అనే చిట్టా మీద డాట్ బిట్ పేర్లు పంచింది. ఎవరూ చెరపలేని పేర్లు! నిజంగానే చెరపలేకపోయారు. మాల్‌వేర్, అంటే హానిచేసే సాఫ్ట్‌వేర్, పంచే మనుషులు అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకుంటే, 2019లో ఓపెన్‌నిక్ వాళ్లు ఓటింగ్ పెట్టి మరీ డాట్ బిట్‌కు తలుపు మూశారు. తిరుగుబాటుదారులు ఇంకో తిరుగుబాటుదారుణ్ణి ఓట్లేసి వెలివేయడంతో ఉద్యమానికి పరిపక్వత వచ్చిందని నేను గ్రహించాను.

జూకో విల్కాక్స్ అనే ఆయన 2001లో ఒక చిక్కు చెప్పాడు. పేరు మనిషి నోటికి పట్టాలి, మోసానికి దొరకకూడదు, ఏ ఒక్కరి గుప్పిట్లోనూ ఉండకూడదు; ఈ మూడూ ఒకేచోట కుదరవు అన్నాడు. బ్లాక్‌చెయిన్ వాళ్లు కుదిరాయనే అంటారు, ఆ తగవు మనకెందుకు. ఎవరు చూస్తున్నారో తెలియకుండా సైట్లు చూపించే టోర్ నెట్‌వర్క్ వాళ్లు మాత్రం మొదటిదాన్ని నిస్సంకోచంగా వదిలేశారు. వాళ్ల డాట్ ఆనియన్ పేర్లలో ఇప్పుడు 56 అక్షరాలు ఉంటాయి. చదివితే దగ్గు వచ్చినట్టు ఉంటుంది. ఆ పేరుతో ఎవరినీ పిలవలేం, కానీ పలికితే వచ్చేవాడు మాత్రం కచ్చితంగా వాడే.

నేను మధ్యేమార్గం ఎంచుకున్నాను. ఒక ప్రత్యామ్నాయ వ్యవస్థలో ఉచితంగా పేరు తీసుకుని సొంత సైటు పెట్టాను. రూటర్‌లో పాత డీఎన్ఎస్ నంబరు కొట్టేసి, ఎవరో ఔత్సాహికుడు నడిపే సర్వర్ నంబరు పెట్టాను. మొదటిసారి అంకె తప్పు కొట్టడం వల్లే నెట్ ఆగింది. రెండోసారికి సరిపోయింది. ఆ నంబరు మళ్లీ మర్చిపోకూడదని పసుపు కాగితమ్మీద రాసి మానిటర్ వెనక అంటించాను. ఈ కాగితం కథలోకి మళ్లీ వస్తుంది.

సైటు అద్భుతంగా ఉంది. తెరవాలంటే మాత్రం చూసేవాళ్లు కూడా నాలాగే రూటర్ సెట్టింగులు మార్చుకోవాలి. మొత్తం పాఠకులు ఒకరు. ఆ ఒకరికి కూడా మొబైల్ డేటాలో తెరుచుకోదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు, నాది ఊరే లేని పేరు.

మా బావమరిది ఈ రంగంలోనే ఉద్యోగం చేస్తాడు. వచ్చి చూసి అడిగాడు.

"బావా, ఇంతకుముందు మీ చిట్టా ఎవరు చూసేవారు?"

"నెట్ కంపెనీ."

"ఇప్పుడెవరు చూస్తున్నారు?"

"ఎవరూ చూడరు. ఈ సర్వర్ నడిపేది ఒక స్వచ్ఛంద కార్యకర్త."

"ఎవరతను?"

"తెలియదు."

"ఆయన పేరు కూడా తెలియదా?"

"తెలిస్తే అది ప్రత్యామ్నాయ వ్యవస్థ ఎలా అవుతుందోయ్?"

అతను ఏమీ అనలేదు. పోయేముందు మాత్రం, "అసలు మీ కంప్యూటర్ ఎవరితో మాట్లాడుతోందో ఎప్పుడైనా చూశారా?" అని ఒక పురుగు వదిలి వెళ్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆదేశాలు కొట్టే నల్లతెర తెరిచి, కంప్యూటర్ ఎవరితో లైను కలిపిందో చూపే నెట్‌స్టాట్ కొట్టాను. పేజీలకు పేజీలు జారింది. ఒక్కో వరుస చివర ఏం రాసి ఉందో చూసి నా గుండె జారింది. లిజనింగ్. లిజనింగ్. లిజనింగ్. వింటున్నారట! గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, ఇక్కడ వినేవాడు తను వింటున్నట్టు ఇంత బాహాటంగా బోర్డు పెట్టుకుంటాడని ఊహించలేదు. 135 పోర్టు వింటోంది. 445 వింటోంది. బావమరిదికి ఫోన్ చేసి అడిగితే, అది ఎవరైనా తలుపు కొడతారేమోనని కూర్చోవడం బావా, చాటుగా వినడం కాదు అన్నాడు. అర్ధరాత్రి పన్నెండున్నర కాబట్టి ఇంతకంటే వివరంగా చెప్పలేదు.

నేను వదల్లేదు. 127.0.0.1 అనే అడ్రస్ ఒకటి నా కంప్యూటర్‌తో అదేపనిగా మంతనాలాడుతోంది. ఎంత బరితెగింపు! దాని మీద ఎదురుదాడికి సిద్ధమవుతుండగా, అది నా కంప్యూటర్ తనను తాను పిలుచుకునే అడ్రస్ అని చదివాను. వయసు మీదపడ్డ యంత్రం తనలో తాను మాట్లాడుకోవడంలో వింతేమీ లేదులే అని ఊరుకున్నాను.

మర్నాడు కెమెరాకు టేపు అంటించాను. 2016లో మార్క్ జుకర్‌బర్గ్ పెట్టిన ఫొటోలో ఆయన ల్యాప్‌టాప్‌కూ టేపే కనిపించింది. ఇలాంటి విషయాల్లో అనుభవజ్ఞుల్ని అనుసరించడమే మంచిది. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు తిరగేస్తే, నా ప్రైవసీని కాపాడతానని చెప్పి చేరినదానికి నేను తెరిచే ప్రతి సైటులో ప్రతి అక్షరం చదివే, మార్చే అనుమతి ఉంది. ఇచ్చింది నేనే. రెండేళ్ల కిందట ఏదో హడావిడిలో నొక్కి ఉంటాను. తీసేస్తే ఒక పేజీ తెరుచుకుని, "మమ్మల్ని ఎందుకు వదిలి వెళ్తున్నారు?" అని అడిగింది.

ఇక వైర్‌షార్క్. నెట్‌వర్క్‌లో వచ్చేపోయే ప్రతి ప్యాకెట్‌నీ, అంటే ప్రతి సమాచారపు పొట్లాన్నీ, తెర మీద పరిచే సాఫ్ట్‌వేర్ ఇది. తెరవగానే రంగురంగుల వరుసలు ప్రవాహంలా పరుగెత్తాయి. ఇంట్లో అందరూ పడుకున్నారు, ఎవరూ ఏమీ వాడటం లేదు. అయినా ఒక యంత్రం ఉండుండి 224.0.0.251 అనే అడ్రస్‌కు ఏదో పంపుతోంది. పోర్టు 5353. గంటన్నర కాపు కాశాను. కొండను తవ్వి పట్టిన ఆ ఎలుక మా ప్రింటర్.

అది చేస్తున్న పని తెలిశాక నా అహం బాగా దెబ్బతింది. నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు అది తనకో పేరు అనుకుంటుంది, చివర డాట్ లోకల్ అని తగిలిస్తుంది. "ఈ పేరు ఎవరికైనా ఉందా?" అని పావు సెకను ఎడంతో మూడుసార్లు అందరినీ అడుగుతుంది. ఉందని ఎవరైనా అంటే గొడవపడకుండా వేరే పేరుకు మారుతుంది. లేదంటే ఆ పేరుతో బతుకుతుంది. ఐకాన్ లేదు, క్రతువు లేదు, బ్లాక్‌చెయిన్ లేదు, వెలివేతల ఓటింగ్ లేదు. నేను మానిఫెస్టో రాసి సాధించలేనిది, కాగితం ఇరుక్కుంటే చేతకాక ఎర్రలైటు వెలిగించే ఈ పెట్టె సాధించి కూర్చుంది.

అప్పుడు ఫిల్టర్‌లో డీఎన్ఎస్ అని కొట్టాను, కేవలం పేర్ల ప్రశ్నలు చూద్దామని. చూశాక చెమటలు పట్టాయి. నా కంప్యూటర్ అడుగుతున్న ప్రతి ప్రశ్నా, జుట్టు సైటుతో సహా, ఎక్కడో తెలియని ఒక ఐపీ అడ్రస్‌కు వెళ్తోంది. అదీ తెల్లకాగితం మీద రాసినంత స్పష్టంగా.

ఇలాంటి కథ నేను చదివాను. డీఎన్ఎస్ ఛేంజర్ అని ఒక మాల్‌వేర్ ఉండేది. సుమారు 40 లక్షల కంప్యూటర్లలో దూరి, డీఎన్ఎస్ నంబరు మార్చి, వాళ్ల ప్రశ్నలన్నీ దొంగల సర్వర్లకు మళ్లించింది. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ ముఠాను పట్టుకుంది గానీ సర్వర్లు ఆపలేకపోయింది. ఆపితే అన్ని లక్షలమందికి నెట్ పోతుంది. కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపారు. జనాదరణే కొలబద్ద అయితే, నాకు తెలిసిన ప్రత్యామ్నాయ నామవ్యవస్థల్లో ఇంతకంటే విజయవంతమైంది లేదు. సభ్యులకు తాము సభ్యులమని తెలియకపోవడం ఒక్కటే లోపం.

నేనూ దొరికిపోయానన్నమాట. హోస్ట్స్ ఫైలు తెరిచాను. ఫైన్లర్ కాలంనాటి ఆ ఫైలు వారసుడు ఇప్పటికీ ప్రతి కంప్యూటర్లో ఒక మూల బతికే ఉన్నాడు, దొంగలు ముందు వాణ్ణే లోబరుచుకుంటారని చదివాను. శుభ్రంగా ఉంది. యాంటీవైరస్ నడిపాను. ఏమీ లేదంది. ఇక పరువు పక్కనపెట్టి బావమరిదిని వీడియో కాల్‌లో పిలిచి నంబరు చదివాను.

"బావా, మీ మానిటర్ వెనక ఏదో పసుపు కాగితం కనిపిస్తోంది, కొంచెం చదవండి."

చదివాను. నాలుగు అంకెలగుంపులూ అవే. చేతిరాత నాదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, నేను పట్టుకున్నాను, సాక్ష్యంతో సహా.

అతను నవ్వకుండా ఉండటానికి కొంత శ్రమపడి, ప్రశ్నల్ని గుప్తంగా పంపే దారులున్నాయి, 853 పోర్టు మీద ఒకటి, మామూలు వెబ్ ట్రాఫిక్‌లో కలిపేది ఒకటి అని చెప్పాడు. అలా పంపితే నెట్ కంపెనీ కార్డు చదవలేదు. "మరి అవతల సర్వర్ నడిపేవాడు?" అన్నాను. "వాడు చదవకపోతే జవాబు ఎలా చెబుతాడు బావా?" అన్నాడు.

ఆ రాత్రే రూటర్‌లో పాత నంబరు పెట్టేశాను. నా సైటుకు ఉన్న ఒక్క పాఠకుడూ పోయాడు. లైట్లు ఆర్పేముందు వైర్‌షార్క్ వైపు చివరిసారి చూస్తే, 5353 మీద ఒక వరుస మెల్లగా పాకింది. మా ఇంట్లో ఐకాన్‌కు లోబడని పౌరుడు ప్రస్తుతం ఆ ప్రింటర్ ఒక్కటే.