జిల్లా మారింది సరే, పిన్‌కోడ్ ఎందుకు మారాలి?

పోయిన వారం నాయుడుపేట నుంచి మా పిన్నమ్మ ఫోన్ చేసింది. "మన పిన్‌కోడ్ మారిపోయిందంట కదరా, ఆధార్‌లో మార్పించకపోతే పింఛను ఆగిపోతుందంట, నెట్ సెంటర్‌కి పోతే రెండు వందలు తీసుకుని ఏదో నొక్కి ఒక కాగితం ఇచ్చినాడు, సరిపోతుందా?" అని. ఎవరు చెప్పారని అడిగితే, "వాట్సాప్‌లో వచ్చింది" అంది. అదే మెసేజ్ నాకు అప్పటికే మూడుసార్లు వచ్చి ఉంది, మా తిరుపతి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, పదో తరగతి స్నేహితుల గ్రూపులో రెండుసార్లు. చదివి నవ్వుకుని వదిలేశాను. వదిలేయడం తప్పని రెండు వందలు పోయాక తెలిసింది.

మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: పిన్‌కోడ్ బ్రిటిష్ వాళ్లు పెట్టింది. దేశాన్ని తొమ్మిది సమాన భాగాలు చేసి, ఒక్కో పిన్‌కోడ్‌కు లక్ష మంది వచ్చేలా పంచారు, ప్రభుత్వం జనాభాను లెక్కపెట్టేదీ నిధులు ఇచ్చేదీ దాన్ని బట్టే. మొదటి అంకె మీ రాష్ట్రం, మూడు అంకెలు కలిపితే మీ జిల్లా, మొత్తం ఆరు కలిపితే మీ ఊరు. కాబట్టి జిల్లా మారినవాళ్లందరికీ పిన్ మారింది, వెంటనే ఆధార్‌లో మార్చుకోండి. చివర్లో కొసమెరుపు, డిజిపిన్ వచ్చింది కాబట్టి పాత పిన్‌కోడ్ రద్దు.

బ్రిటిష్ వాళ్ల సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న, వాళ్లు వెళ్లిపోయి సరిగ్గా పాతికేళ్లకు. దాన్ని రూపొందించింది శ్రీరామ్ భికాజీ వేలంకర్ అని కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అదనపు కార్యదర్శి. ఆయన సంస్కృత కవి కూడా. ఎందుకు పెట్టారంటే, ఒకే పేరున్న ఊళ్లు దేశం నిండా ఉన్నాయి, పైగా అడ్రస్ ఒకరు తెలుగులో, ఒకరు తమిళంలో, ఒకరు హిందీలో రాస్తారు. మన చిత్తూరు వైపే కొత్తపల్లె అని ఉత్తరం మీద రాస్తే ఏ కొత్తపల్లె అని వెతుక్కోవాలి? ఏ భాషవాడైనా చదవగలిగేది అంకెలే కదా. మా మామయ్య రైళ్లలో ఉత్తరాలు వేరుచేసే విభాగం ఆర్‌ఎమ్‌ఎస్‌లో సార్టర్‌గా చేసి రిటైరయ్యారు. రాత్రంతా రైలు పెట్టెలో నిలబడి, ఎదురుగా గూళ్ల అర, ఏ ఉత్తరం ఏ గూట్లో పడాలో చూసుకుంటూ పోవడమే పని. "పిన్ లేని ఉత్తరం చేతికొస్తే ఊరు పేరు చదవాలి, పిన్ ఉంటే మొదటి మూడంకెలు చూసి విసిరేయడమే" అంటారాయన. పిన్‌కోడ్ అంటే నాకు ఈ మాటే గుర్తొస్తుంది. అది ఉత్తరం ఏ సంచిలో పడాలో చెప్పే నంబరు. మనిషి ఏ ప్రభుత్వం కింద ఉన్నాడో చెప్పడానికి పెట్టింది కాదు. ఆ మెసేజ్‌లోని మిగతా తప్పులన్నీ ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్ల వచ్చినవే.

ఇప్పుడు "సమాన భాగాలు" దగ్గరికొద్దాం, నాకు ఎక్కువ ఒళ్లు మండింది ఇక్కడే, ఎందుకంటే దీన్ని ఎవరైనా అరగంట కూర్చుని లెక్క వేసుకోవచ్చు. తొమ్మిది జోన్లు ఉన్న మాట నిజం. అందులో 9 తో మొదలయ్యేది సైన్యానికి, దానికి భూమి లేదు, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాస్తారు చూడండి, అది. మిగిలిన ఎనిమిదింటిలోని రాష్ట్రాల జనాభాను 2011 జనగణన నుంచి తీసి కలిపి చూశాను. ఒకటితో మొదలయ్యేవి, అంటే ఢిల్లీ, హర్యానా, పంజాబ్, హిమాచల్, జమ్ము కశ్మీర్, లద్దాఖ్, చండీగఢ్ అన్నీ కలిపితే సుమారు 9 కోట్లు. రెండు అంటే ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్, ఇవి రెండే 21 కోట్లు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, గోవా ఉన్న నాలుగో జోన్ కూడా 21 కోట్ల పైనే. మనమూ తెలంగాణా కర్ణాటకా కలిసిన అయిదు 14.6 కోట్లు, తమిళనాడు, కేరళ ఉన్న ఆరు 10.7 కోట్లు. తొమ్మిదీ ఇరవై ఒకటీ సమానమెలా అవుతాయి సామీ?

పోనీ విస్తీర్ణం సమానమా అంటే అదీ కాదు. బీహార్, జార్ఖండ్ కలిసిన ఎనిమిదో జోన్ 1.74 లక్షల చదరపు కిలోమీటర్లు, నాలుగో జోన్ ఏడున్నర లక్షలు.

ఒక్కో పిన్‌కు లక్ష మంది అన్నది ఇంకా విడ్డూరం. దేశంలో ఉన్నవి 19 వేల పైచిలుకు పిన్‌కోడ్‌లు. 2011 నాటి 121 కోట్లను భాగిస్తే సగటున 63 వేలు వస్తుంది, అదీ సగటు మాత్రమే, దాన్ని పట్టుకుని ఎక్కడా ఏమీ చెప్పలేం. కొండ మీదికి వెళ్లి చూడండి. తిరుమల 517504. 2011 లెక్కల్లో అక్కడ కాపురం ఉన్నవాళ్లు ఎనిమిది వేల లోపే, కానీ రోజూ వచ్చిపోయే భక్తులు అరవై డెబ్బై వేలు. కింద తిరుపతి నగరం అదే జనగణనలో 2.87 లక్షలు, ఇంతమందీ సర్దుకున్నది 517501, 517502, 517507 లాంటి వేళ్ల మీద లెక్కపెట్టే పిన్‌లలో. అదే జిల్లాలో శ్రీహరికోటకు 524124 అని సొంత పిన్ ఉంది, అక్కడ రాకెట్లు ఎగరేసే కేంద్రం ఉంది కాబట్టి, లక్ష మంది ఉన్నారని కాదు. ఢిల్లీలో సుప్రీంకోర్టు ఒక్కదానికే 110201 ఇచ్చారు, శబరిమలకు సీజన్‌లో పనిచేసే 689713 ఉంది. టపా ఎంత వస్తుంది, దాన్ని ఎవరు పంచుతారు అన్నదే చూస్తారు, తలలు లెక్కపెట్టి ఇవ్వరు.

జనగణన వాళ్లు కూడా రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం లేదా పట్టణం, వార్డు అని పోతారు. పిన్ వాళ్ల లెక్కలో యూనిట్ కాదు. పంచాయతీలకూ గ్రామాలకూ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వేరే కోడ్‌లు పెట్టింది, ఎల్‌జీడీ కోడ్ అంటారు, మీ సచివాలయంలో అడిగితే చెబుతారు. ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో జిప్ కోడ్ 1963లో వచ్చింది, అది కూడా పోస్ట్‌మాన్ తిరిగే దారులను బట్టి పెట్టిందే, జనాభా లెక్కలకు పనికిరాక అక్కడి జనగణన సంస్థ జిప్‌ను పోలిన వేరే హద్దులు సొంతంగా గీసుకుంది. మీ పిల్లలు అక్కడుంటే అడగండి.

"మొదటి అంకె రాష్ట్రం". మనది 5 అయితే బెంగళూరుదీ హైదరాబాదుదీ కూడా 5 ఎందుకయింది? మొదటి అంకె జోన్. రెండంకెలు కలిస్తే దాదాపు సర్కిల్, అంటే తపాలా వాళ్ల లెక్కలో ఒక రాష్ట్రం లాంటిది. 50 తెలంగాణ, 51 నుంచి 53 దాకా మనవి, 56 నుంచి 59 కర్ణాటక. ఈ "దాదాపు" అన్న మాట నేను ఊరికే వాడలేదు. 2014లో ఖమ్మం జిల్లా నుంచి మన వైపు వచ్చిన చింతూరు పిన్ 507126, చూస్తే తెలంగాణ అనుకుంటారు. జార్ఖండ్‌లో వైద్యనాథుడి దేవఘర్ 814112, బీహార్‌లో భాగల్‌పూర్ 812001, రెండు రాష్ట్రాలకూ 81 ఉమ్మడి, ఎందుకంటే 1972లో అవి ఒకే రాష్ట్రం, 2000లో విడిపోయినప్పుడు తపాలా సంచులు ఎవరూ పంచుకోలేదు. అన్నిటికన్నా నాకిష్టమైనది యానాం. పాలన పుదుచ్చేరిది, పుదుచ్చేరి పిన్ 605 తో మొదలవుతుంది, కానీ యానాం 533464. ఉత్తరం కాకినాడ వైపు నుంచి పోవాలి కదా, పుదుచ్చేరి దాకా పోయి వెనక్కి రావడానికి దానికేం పని.

ఇంకో సరదా. తిరుత్తణి ఒకప్పుడు మన చిత్తూరు జిల్లాలోదే, 1960లో మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. ఆ తర్వాత పన్నెండేళ్లకు పిన్ వచ్చింది కాబట్టి దానికి 6 పడింది. పిన్ ముందే వచ్చి ఉంటే ఇవాళ 517 తోనే ఉండేదేమో, చింతూరుకు 507 ఉన్నట్టు.

"మూడు అంకెలు జిల్లా" అన్నది మాత్రం పూర్తిగా గాలి మాట కాదు, అందుకే జనం నమ్ముతున్నారు. మనకు చాలా ఏళ్లు అలాగే కుదిరింది. 515 అనంతపురం, 516 కడప, 517 చిత్తూరు, 518 కర్నూలు, 524 నెల్లూరు. చిన్నప్పుడు మేము కూడా ఇలాగే బట్టీ పట్టాం. కానీ తపాలా వాళ్ల భాషలో ఆ మూడంకెలు సార్టింగ్ జిల్లా, అంటే ఉత్తరాలు వేరుచేసే ప్రాంతం, కలెక్టర్ ఉండే జిల్లా కాదు. ఆ రెండూ ఒకటిగా కనబడినన్నాళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, అప్పుడు బయటపడింది. చిత్తూరు 517001, తిరుపతి 517501, మదనపల్లె 517325, ఆ రోజుతో మూడూ మూడు వేరే జిల్లాల్లో పడ్డాయి, అయినా 517 ఎక్కడికీ పోలేదు. నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చిన నాయుడుపేట 524126, సూళ్లూరుపేట 524121 అలాగే ఉన్నాయి. అంటే శ్రీకాళహస్తి 517644, నాయుడుపేట 524126, రెండూ ఒకే జిల్లా, రెండు సార్టింగ్ జిల్లాలు. ఇందులో తప్పేమీ లేదు. జిల్లాలు చేసేది రాష్ట్రం, తపాలా రాజ్యాంగం ప్రకారం కేంద్రం చేతిలోది. కలెక్టరేట్ బోర్డు మారినంత మాత్రాన టపా వ్యాను దారి మారదు. తెలంగాణలో పది జిల్లాలు ముప్పై మూడు అయ్యాయి, హైదరాబాదు 500001 కదల్లేదు.

దీనితో మనకు చిన్న చిన్న చికాకులు ఉన్నాయి, లేవనను. ఏదో వెబ్‌సైట్‌లో 524126 కొడితే జిల్లా దగ్గర నెల్లూరు అని దానంతటదే పడుతుంది, మార్చనివ్వదు. అది ఆ వెబ్‌సైట్ తయారుచేసినవాళ్లు పాత పట్టిక వాడటం వల్ల. జిల్లా పేరు తప్పు పడినా పార్సెల్ వస్తుంది, పిన్ తప్పు కొడితేనే వేరే ఊరికి పోతుంది.

"ఆరంకెలు మీ ఊరు" అన్నదాన్ని ఒక్క లెక్కతో తేల్చేయొచ్చు. 2011 ప్రకారం దేశంలో గ్రామాలు 6.4 లక్షలు, పిన్‌లు 19 వేలు. ఒక్కో పిన్ కింద సగటున ముప్పైకి పైగా ఊళ్లు. పోస్టాఫీసులే లక్షన్నరకు పైగా ఉన్నాయి, వాటికే తలా ఒకటి లేదు. పల్లెల్లో ఉండే బ్రాంచి పోస్టాఫీసుకు సొంత పిన్ ఉండదు, దాని పైన ఉన్న సబ్ పోస్టాఫీసు పిన్నే వాడుకుంటుంది. అందుకే అడ్రస్‌లో ఊరి పేరు, పోస్ట్ పేరు రెండూ రాయమంటారు. పిన్ ఒక్కటే రాస్తే ఉత్తరం సబ్ పోస్టాఫీసు దాకా వచ్చి ఆగుతుంది, అక్కడి నుంచి ఏ బీపీఎంకు, అంటే ఏ బ్రాంచి పోస్టుమాస్టరుకు, పంపాలో ఎవరికి తెలుస్తుంది?

ఇక డిజిపిన్. 2025 మే 27న తపాలా శాఖ దీన్ని తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి. దేశం మొత్తాన్ని సుమారు 4 మీటర్లు పొడవు, 4 మీటర్లు వెడల్పు గళ్లుగా కోసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. మన తిరుపతి లెక్కలో అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి గడి అంటే దాదాపు అయిదు అంకణాలు, ఒక చిన్న గది. నెల్లూరు వాళ్ల అంకణం 72, వాళ్లు సగం చేసుకోవాలి. ఇది అక్షాంశ రేఖాంశాల నుంచి పుట్టే కోడ్, జనంతో సంబంధం లేదు, బంగాళాఖాతం నీళ్ల మీద కూడా గళ్లు ఉన్నాయి. పైకి ఎత్తు కూడా తెలియదు దానికి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకదాని మీద ఒకటి ఉన్న అయిదు ఫ్లాట్ల వంటగదులకు ఒకటే డిజిపిన్ వస్తుంది, ఫ్లాట్ నంబరు రాయక తప్పదు. పిన్‌కోడ్‌ను తీసేస్తామని వాళ్లు అనలేదు, పాత అడ్రస్‌కు తోడుగా వాడుకోమన్నారు. అంబులెన్స్‌కో, డోర్ నంబర్లు లేని పల్లెకో పనికొస్తుంది, మంచిదే.

పింఛను సంగతి. పిన్నమ్మకు ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి వేలిముద్ర వేయించుకుని డబ్బు చేతికిస్తాడు. అందులో పిన్‌కోడ్ ఎక్కడా అడగరు. ఆధార్ నంబరు కూడా పిన్‌ను బట్టి పుట్టింది కాదు, ఇల్లు మారితే అడ్రస్ మార్పించుకోవాలి గానీ జిల్లా పేరు మారిందని నంబరు చెల్లకుండా పోదు.

ఇదంతా ఫోన్‌లో చెప్పాక, నెట్ సెంటర్ వాడు ఇచ్చిన కాగితం ఫోటో తీసి పంపమన్నాను. పంపింది. ఆమె పాత ఆధార్‌నే కలర్ ప్రింట్ తీసి ల్యామినేషన్ చేసి ఇచ్చాడు. కింద పిన్ 524126 అనే ఉంది.