సవరణ: కాస్లింగ్‌కు ముందు గడి దాడిలో ఉందో లేదో చూసే పద్ధతి

విజయనగరం పరిసరాల్లో పైథాన్ కొత్తగా నేర్చుకుంటున్న విద్యార్థుల కోసం రాసిన చదరంగం పాఠంలో, కాస్లింగ్‌కు (రాజును ఏనుగు వైపు రెండు గళ్లు జరిపి, ఆ ఏనుగును రాజు అవతలి పక్కన నిలిపే ఎత్తుకు) ముందు రాజు నడిచే గళ్లు ప్రత్యర్థి ఎత్తుల జాబితాలో లేకపోతే చాలని ఉంది. ఆ వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోవాలి: ఎత్తుల జాబితా వేరు, దాడిలో ఉన్న గళ్ల జాబితా వేరు, కాస్లింగ్‌కు రెండోదే కావాలి.

ఈ తేడా బంటు దగ్గర తేలుతుంది. బొబ్బిలి విద్యార్థి ఒకరు పంపిన ప్రోగ్రాంలో, నల్ల బంటు బీ2లో (నిలువు వరుసకు అక్షరం, అడ్డ వరుసకు అంకె) ఉండగానే తెల్ల రాజు ఈ1 నుంచి సీ1కు కాస్లింగ్ చేయగలిగాడు. బంటు నేరుగా నడుస్తుంది, ఐమూలగా చంపుతుంది; సీ1 ఖాళీగా ఉన్నందున అక్కడికి దానికి ఎత్తు లేదు, కాబట్టి ఆ గడి జాబితాలోకి రాలేదు, కానీ రాజు అక్కడ అడుగుపెట్టిన మరుక్షణం చెక్‌లో, అంటే ప్రత్యర్థి దాడిలో, ఉంటాడు. అదే బంటు నడవగల బీ1 మాత్రం జాబితాలో కనిపిస్తుంది, అయితే అది దాడి కానే కాదు.

అందుకే గడిని, రంగును తీసుకుని అవునో కాదో చెప్పే చిన్న ఫంక్షన్‌ను విడిగా రాయండి. అందులో కాస్లింగ్ ఎత్తులను లెక్కలోకి తేకూడదు. తెస్తే ఎత్తుల ఫంక్షన్ దీన్ని, ఇది దాన్ని పిలుచుకుంటూ పోయి చివరికి రికర్షన్ ఎర్రర్‌తో ప్రోగ్రాం ఆగిపోతుంది. కొత్తవారు గంటల తరబడి చిక్కుకునేది ఇక్కడే కనుక నొక్కి చెబుతున్నాను.

మంత్రి వైపు కాస్లింగ్‌లో బీ1 ఖాళీగా ఉండాలి గాని, దానిపైనా, ఏనుగుపైనా దాడి ఉంటే అడ్డు లేదు. రాజు నిలిచిన ఈ1, దాటే డీ1, చేరే సీ1 మాత్రమే పరీక్షించాలి.