ప్లగ్గులో కరెంటు ఎంతుంది?

మొన్న ఆదివారం బెంగళూరులోని మా మారతహళ్లి అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు అన్నగారు ప్లగ్గులో కరెంటు ఎంతుందో కొలిచారు. చాలానే ఉందట.

ఆయన్ని అనడానికి లేదు. మనకు కరెంటు వస్తుంది, పోతుంది, తీస్తారు, కొడుతుంది. అలాంటప్పుడు ట్యాంకులో నీళ్లలా ప్లగ్గులోనూ నిలవ ఉండాలి కదా! అక్కడుండేది 230 వోల్టుల ఒత్తిడేననీ, మిక్సీయో గీజరో లాగితే తప్ప కరెంటు, అంటే ఆంపియర్లు, పారవనీ ఆయనకు చెప్పడానికి మనమెవరం?

ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో బేరమాడి తెచ్చిన పసుపుపచ్చ మల్టీమీటరు. ప్లగ్గులో వచ్చే ఏసీ కరెంటును అది అసలు కొలవనే కొలవదు, కొలిచేది డీసీ ఒక్కటే. ఎర్ర వైరు తీసి 10 ఆంపియర్ల రంధ్రంలో గుచ్చారు. పక్కనే 'అన్‌ఫ్యూజ్డ్' (లోపల ఫ్యూజు లేదు) అని రాసుంటే, కంపెనీ పేరనుకున్నారు. "ఏమండీ, ఎలక్ట్రీషియన్ని పిలవకూడదా?" అంది వదిన. "నేను ఈసీఈ" అన్నారు. (కాలేజీలోంచి తిన్నగా జావాలోకి దూకిన ఈసీఈ.) ఆ రంధ్రంలో వైరు పెట్టాక మీటరు మీటరు కాదు, వట్టి తీగముక్క. పవర్ ఆపి, లోడుకు వెళ్లే దారిలో వరసగా కలపాల్సిన ఆ తీగముక్కను ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య దోపారు. ఢాం! సాకెట్ నల్లబడింది, ప్రోబు మొన కరిగింది, ఎంసీబీ స్విచ్చు పడి ఇల్లంతా చీకటి. అంకె మాత్రం చూడలేకపోయారట, కళ్లు మూసుకోవడం వల్ల.

ఇప్పుడు క్లాంప్ మీటరు కొన్నారు. దాన్ని ఒక్క వైరు చుట్టూనే తగిలించాలి. ఈయన మిక్సీ కేబుల్ మొత్తానికి తగిలించారు. వెళ్లే కరెంటూ వచ్చే కరెంటూ చెల్లుకు చెల్లై సున్నా వచ్చింది. మిక్సీ ఉచితంగా తిరుగుతోందని వాట్సాప్ గ్రూపులో ప్రకటించారు. పదహారు మంది బొటనవేళ్లు ఎత్తారు.

సరే, ఆయన సరదా ఆయనది. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడికి అది ఉద్యోగం. మదనపల్లె నుంచి వచ్చాడు. అలాంటి చౌక మీటరే పట్టుకుని, హవాయి చెప్పులతో మెయిన్ ప్యానెల్ ముందు నిలబడతాడు. మెయిన్ ప్యానెల్ పనికి తగిన క్యాట్ త్రీ భద్రతా రేటింగుతో, లోపల సిరామిక్ ఫ్యూజులున్న మంచి మీటరు కొనివ్వమంటే కమిటీకి బడ్జెట్ లేదు. గేటుకు సీరియల్ లైట్లు కట్టడానికి ఉంది. క్లబ్‌హౌస్ సోఫాలు మార్చడానికి ఉంది. సిగ్గు లేదా మనకి? కాలేది వాడి చేతులనేగా!

నిన్న వాడి మీటరు విప్పించి చూశాను. ఫ్యూజు ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది.

"పోయిన నెల కాలిపోయింది సార్. ప్రస్తుతానికి సర్దుకోమన్నారు" అన్నాడు.