సవరణ: షేర్డ్ ప్రింటర్‌కి 631 కాదు, 445

విండోస్ పీసీకి తగిలించిన ప్రింటర్‌కి ఉబుంటు (లినక్స్) కంప్యూటర్ నుంచి ప్రింట్ వెళ్లకపోతే, ఆ పీసీ ఫైర్‌వాల్‌లో 631 పోర్టు (నెట్‌వర్క్ రాకపోకలకి నంబరున్న ద్వారం) తెరవమని మొన్న రాశాను. తప్పు. 631 ఐపీపీది, అంటే నెట్‌వర్క్ మీద ప్రింట్ పంపే ఒక పద్ధతిది. మామూలు విండోస్ షేరింగ్ నడిచేది ఎస్ఎంబీ (విండోస్ ఫైళ్లు, ప్రింటర్లు పంచుకునే పద్ధతి) మీద, దానికి కావాల్సింది 445.

అసలు మా ఆఫీసులో గొడవ పోర్టుది కూడా కాదు. ఉబుంటు ప్రింట్ క్యూలో జాబ్ పక్కన 'హెల్డ్ ఫర్ ఆథెంటికేషన్' (పాస్‌వర్డ్ కోసం ఆగింది) అని కనిపిస్తూనే ఉంది, నేనే చూసుకోలేదు. విండోస్‌లో పాస్‌వర్డ్ మార్చారు, ఉబుంటులో పాతదే ఉండిపోయింది. కొత్తది కొట్టగానే, అకౌంట్స్ మేడమ్ టెన్షన్‌లో నాలుగుసార్లు నొక్కిన ఒకే ఇన్‌వాయిస్ నాలుగు కాపీలుగా బయటికొచ్చింది.

ప్రింటర్‌ని నెట్‌వర్క్‌కి నేరుగా కలిపే వీలుంటే ఈ తంటా ఎందుకు, ఐపీపీతోనే పెట్టుకోండి. నా మాట విని ఆ పీసీలో 631 తెరిచినవాళ్లు మాత్రం దయచేసి మూసేయండి.